అందరు చూస్తరని

కొల్లాపూర్ నుంచి మహబూబ్‌నగర్ పోయే బస్సుల నా పక్కన కూసున్నాయన అంగీ చెమటకు తడిసి ముద్దయింది. ఛాతి మీద అరచెయ్యి అదుముకుంటున్నడు.

"బస్సు ఆపమంట కాకా," అన్న నేను.

నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. "వద్దు బిడ్డా, అందరు నన్నే చూస్తరు. దవాఖాన కాడ నేనే మెల్లగ దిగుత."

గంతలనే ఒక ఊరి కాడ తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన ఎక్కిండు. అంత నొప్పిల గూడ, ఎన్నటి భయమో, కాక లేచి ఆయనకు సీటిచ్చిండు. నిలబడ్డ కాడనే కూలిపోయిండు.

నేను అరిస్తే బస్సు ఆగింది. అందరు కాక దిక్కే చూసిండ్రు. కింద పడ్డకాడనే రెండు చేతులు జోడించిండు. "మాఫ్ చేయిండ్రి, నా వల్ల మీకు లేటయితాంది."

దవాఖానకు పోయేసరికి ఆ చేతులు సల్లబడ్డయి. జోడించినట్టే ఉంటే, నేనే విడదీసిన.