కిటికీ దగ్గర చెప్పిన పేరు

మా ఇళ్లల్లో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలికేవాళ్లు కాదు. పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతుందని భయం. గుడియాత్తంలో మా ఆయన పేరు ఎవరడిగినా "పళ్ళికొండలో పండుకోని ఉండే సామి పేరే" అనేదాన్ని. మాది లుంగీల అంగడి. బజారులో అందరికీ ఆ మాత్రం చాలు.

ఆయనకు మాత్రం చాలేది కాదు. అన్నం దగ్గర కూర్చుని, "ఒక్క తూరి చెప్పవే, నీ నోట ఇనల్లని ఉండాది" అని సతాయించేవారు. "షష్టిపూర్తి కానీండి, చెప్తాను" అని మజ్జిగ పోసేదాన్ని.

ఆంధ్ర వేరుపడి, మా ఊరు అరవం వైపే ఉండిపోయిన కొత్త రోజులవి. కడుపులో గడ్డ అని ఆయన్ని వేలూరు ఆసుపత్రిలో చేర్చారు. నేను నిండు చూలాలిని, బస్సెక్కొద్దన్నారు. ఆపరేషనుకు ముందురోజు సాయంత్రం అయిదింటికి ఆయన ఆసుపత్రి ఆఫీసులో ఫోను దగ్గరికొచ్చి ఉంటారని, పోస్టాఫీసు నుంచి ట్రంకు కాల్ చేస్తే మాట్లాడొచ్చని మా మరిది వచ్చి చెప్పిపోయాడు. అయిదున్నరకు ఆ ఆఫీసు మూసేస్తారట. అత్తకు మోకాళ్లు పట్టేశాయి, అందుకని ఒక్కదాన్నే వెళ్లాను. ఆయన గొంతు వింటే చాలు, ఇంకేమీ వద్దు నాకు.

కిటికీ వెనక గుమాస్తా మనవాడే, ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. మన ఆచారం వాడికి తెలియదంటే నేను నమ్మను.

"ఎవురిని పిలిపించల్లమ్మా?"

"మా ఇంటాయన్నప్పా. పళ్ళికొండ సామి పేరు."

"సామికి లైను లేదు. మనిషి పేరు చెప్పు."

వరసలో వాళ్లు నవ్వారు. పరిహాసమాడుతున్నాడనుకుని నేనూ కాస్త నవ్వాను. నా వెనకున్న ముసలాయన పాపం ఆ పేరు చెప్పబోయాడు. "ఆయమ్మ మొగుడివి నువ్వా? నోరు మూసుకోని ఉండు" అని గుమాస్తా ఆయన మీద లేచాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"సొతంత్రం వచ్చినాది. రాజ్యాలు కూడా వేరైపోయినాయి. ఇంకా మొగుడి పేరుకు సిగ్గేందమ్మా?" నా కడుపు వైపు చూశాడు. "ఆ సిగ్గు అప్పుడు యాడికి పోయినాది?"

చెప్పు తీసుకుని కొట్టాల్సింది. కానీ లైను వాడి చేతిలో ఉంది. వాడు నన్ను పక్కకు నిలబెట్టి, వెనకవాళ్లకు స్టాంపులిచ్చాడు, మనియార్డర్లు రాసుకున్నాడు. గోడ గడియారం అయిదు కొట్టింది. ఆయన ఫోను దగ్గర నిలబడి ఉంటారు. కిటికీ చువ్వలు పట్టుకుని ఆయన పేరు చెప్పాను.

"ఇనపడలేదు. ఇంకొంచెం సత్తంగా."

మళ్లీ చెప్పాను.

"ఇంగో తూరి. మెల్లగా, ప్రేమగా."

కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ చెప్పాను. వాడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వి అప్పుడు లైను అడిగాడు. లైను దొరికేసరికి అయిదున్నర దాటిపోయింది. "ఎవురూ ఎత్తలేదు, రేపు రామ్మా" అన్నాడు.

మరుసటి రోజు ఆపరేషను బల్ల మీది నుంచి ఆయన లేవలేదు.

ఆసుపత్రివాళ్లు తలుపులేసేదాకా ఆయన ఆ ఫోను పక్కనే నిలబడి ఉన్నారని, కుర్చీ వేస్తే కూడా కూర్చోలేదని మరిది తర్వాత చెప్పాడు. అత్తకు నేను పేరు పలికిన సంగతి చెప్పలేదు. చాలా ఏళ్లు, నా నోరే ఆయన్ని తినేసిందనుకున్నాను. ఆ గడ్డ అప్పటికే ముదిరిపోయి ఉందని డాక్టర్లు చెప్పినా మనసు ఒప్పుకోలేదు.

ఆ తర్వాత పుట్టిన నా కూతురు ఇప్పుడు తిరువలంలో కాపురముంటోంది. మొగుణ్ణి వీధి చివరకు వినపడేలా పేరు పెట్టి పిలుస్తుంది. నాకది వినడం ఇష్టం. మొన్న వచ్చినప్పుడు, "ఇప్పుడింక ఎవురి ఆయుస్సుకు భయంమా? నాయన పేరు నీ నోట ఒక్క తూరి చెప్పు, ఇంటాను" అంది.

నోరు తెరిచాను. ఆ కిటికీ, ఆ పళ్లు కళ్ల ముందుకొచ్చాయి. "పళ్ళికొండ సామి పేరే" అన్నాను. ఆ పేరు నా నోట విన్నది ఆ గుమాస్తానే. వినాలని అన్నన్ని సార్లు అడిగిన మనిషి వినకుండానే పోయాడు.