సాంబయ్య సార్ నేర్పిన దాడి

పక్క గదిలో మా మనవరాలి ఫోన్ ఆటలోంచి తుపాకుల మోత వినిపిస్తే చేతిలోని పేపరు పక్కన పెట్టేస్తాను. "తాతా, మావోళ్లంతా ఒక్కసారే సచ్చిపోయిండ్రు" అని నిన్న విసుక్కుంది. అందరినీ ఒకేసారి ఉరికించి ఉంటుంది. ఒకప్పుడు నేనూ అంతే. ఆ అలవాటు మాన్పించిన మనిషి సాంబయ్య సార్.

ఆయన సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చి, భూపాలపల్లిలో మా బొగ్గు బాయి గేటు దగ్గర కాపలా జమేదారుగా చేరారు. నేను బాయి లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే జట్టుకు మేస్త్రీని. క్వార్టర్ల క్లబ్బులో ఒక చిన్న గది ఉండేది. ఆదివారం పొద్దున ఆయన అక్కడ గళ్ళు గీసిన అట్ట పరిచేవారు. దాని మీద గట్టు, కాలువ, ఒక పెంకుటిల్లు. ఒక్కో వైపు ఎనిమిది చొక్కా గుండీలు, ఒక్కో గుండీ ఒక సిపాయి. ఇల్లు కాచే వైపు ఒక గుండీ కిటికీలోని మెషిన్‌గన్. పాచికలతో కాల్పులు. తూటా తగిలితే సిపాయి పడిపోయినట్టు. పక్కనుంచి దూసుకుపోతే భయపడి తల దించినట్టు, ఆ గుండీని బోర్లా తిప్పాలి. బోర్లా ఉన్నవాడు ఆ వంతుకు కాల్చలేడు. పన్నెండు వంతుల్లో ఇంట్లోకి చేరగలిగితే దాడి గెలిచినట్టు.

నేను ఎన్ని ఆదివారాలు ఓడిపోయానో నా డైరీల్లో ఉంది. ప్రతిసారీ ఒకటే తప్పు. ఒక సిపాయి పడగానే మిగతా ఏడుగురినీ వాడి దగ్గరికి చేర్చేవాణ్ణి. కిటికీలోని మెషిన్‌గన్‌కు అంతకన్నా ఏం కావాలి!

"ఏందయ్యా మేస్త్రీ, దావత్‌కు పిలిసినట్టు అందర్ని ఒక్కతాన కూడేస్తవ్?" అన్నారు సార్ ఒకరోజు.

"బాయిల ఒక్కడు పడితే అందరం ఉరుకుతం సార్. అలవాటైపోయింది."

"ఉరుకుతరు, సరే. దుంగ నిలబెట్టకుంటనే కప్పు కిందికి పోతరా?"

"ఎట్ల పోతం సార్? మా మీద గూడ పడతది."

"మరి గిదీ గంతే. కాల్పులే నీ దుంగ. నలుగురు గట్టు చాటుకెల్లి కాల్చాలె, నలుగురు కదలాలె. చంపుడు మీదనే పానం పెట్టకు. వాడు తల దించితే చాలు. దించినంత సేపే నీకు తొవ్వ."

అప్పుడే క్లబ్బుకు కొత్త కార్యదర్శి వచ్చారు, కోస్తా వైపు ఆఫీసరు. ఆ గదిలో గుండీలాట మాన్పించి పేకాట బల్ల వేయిస్తానన్నారు. సాంబయ్య సార్ ఊరుకోలేదు. "మీరు ఇల్లు కాపాడుండ్రి, మావోడు దాడి చేస్తడు. ఓడితే గది మీదే" అని నన్ను చూపించారు.

"మీవోడా? గట్లనే కానియ్యిండ్రి" అని ఆయన మా యాసను వెక్కిరిస్తే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

నేను సార్‌ను బయటికి పిలిచి, "మీరే ఆడుండ్రి, నాతోని గది పోతది" అన్నాను.

"నేను గెలిస్తే ఫౌజీ గెలిచిండంటరు. నువ్వు గెలిస్తే ఆట నిలబడతది. పో."

నలుగురిని గట్టు వెనుక ఉంచి, నలుగురిని కాలువలోంచి ఇంటి పక్కకు నడిపించాను. ఏడో వంతులో కాలువలోని సిపాయి ఒకడు పడ్డాడు. నా చెయ్యి వాడి వైపే పోయింది. తలెత్తి చూస్తే సార్ కిటికీ బయటికి చూస్తున్నారు, సైగ కూడా చేయలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, గట్టు వెనుక ఉన్న నలుగురి చేతా మెషిన్‌గన్ మీదే కాల్పించాను. రెండు వంతులు వృథా అయ్యాయి. పదో వంతులో మెషిన్‌గన్ గుండీ బోర్లా పడింది. ఇక దాన్ని లేవనివ్వలేదు. పన్నెండో వంతులో కాలువలో మిగిలిన ముగ్గురూ పక్క తలుపు గుండా ఇంట్లో అడుగుపెట్టారు.

కార్యదర్శి తన గుండీలు ఏరి అట్ట పక్కన పెట్టారు. "పడినవాడి కోసం అంతా పరిగెత్తుకొస్తారని కాచుకు కూర్చున్నానండీ" అన్నారు. ఈసారి వెక్కిరింత లేదు. గది తాళంచెవి తీసి సార్‌కు ఇచ్చారు. సార్ దాన్ని నా జేబులో వేసి, డ్యూటీకి వెళ్లిపోయారు. ఆ బరువుతో క్వార్టర్ల మధ్య నడిచినంత గర్వంగా నేను మళ్లీ ఎప్పుడూ నడవలేదు.

రిటైరయ్యే దాకా ఆ గది నేనే తెరిచాను. కొత్తగా ఆడేవాళ్లలో దాదాపు అందరూ మొదట పడినవాడి దగ్గరికే గుంపుగా ఉరికేవారు. ఓడనిచ్చి, తర్వాత దుంగ సంగతి చెప్పేవాణ్ణి. పడినవాడి వైపు అసలు చెయ్యే పోనివాళ్లు ఒకరిద్దరు తగిలారు. వాళ్లు బాగానే గెలిచేవారు. బాయిలో నా జట్టులోకి మాత్రం వాళ్లను రమ్మని అడగలేదు.