నీరు చొరని పెట్టెలో వాన

వరదలు ఊళ్ళను ముంచడం మీరు వినే ఉంటారు. వరద లేకుండా, వాన లేకుండా, ఒక రబ్బరు చుట్టు, రెండు కొక్కేల సాయంతో ఊరిని ముంచినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. చూడండి, నేనే. కడవెడు నీళ్ళతో ఒక పల్లె నోరు ఎలా ఎండగట్టానో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. నాకు అలవాటే.

అరవైల్లో మాట. పాలిటెక్నిక్‌లో డిప్లొమా పుచ్చుకుని, అనంతపురంలో కరువు పనుల ఓవర్సీరుగా కొత్తగా చేరాను. వానలు వరసగా ముఖం చాటేసిన కాలం. వేరుశనగ చేలు జ్వరపడి లేచినవాడి తలలాగా ఉండేవి. నాకేమో అప్పట్లో రెండు జబ్బులు. ప్రతి పనికీ జాబితా రాయడం ఒకటి, రాసినదాన్ని దేవుడి ఆనలాగా పాటించడం రెండోది. పెళ్ళిచూపులకు కూడా జేబులో చీటీతో వెళ్ళాను. అందులో మూడో అంశం 'నవ్వవలెను'. నవ్వాను. సంబంధం తప్పిపోయింది.

మా ఆఫీసులో ఒక కెమెరా, దానికొక పెట్టె ఉండేవి. ఎక్కడో వరద జిల్లాకు పోవలసిన సరుకు దారితప్పి మా దగ్గరికి వచ్చిందని అందరూ అనుకునేవారు. అల్యూమినియం పెట్టె. మూత అంచున రబ్బరు చుట్టు, ముందు రెండు బిగింపు కొక్కేలు, లోపల కెమెరా కదలకుండా మందంగా ఉన్ని గుడ్డ. చెమ్మను పీల్చుకునే నీలి గుళికల సంచి ఒకటి. పెట్టెను ఏట్లో పారేసినా లోపలి కెమెరా తడవదని వెంట వచ్చిన కాగితంలో ఉంది. పారేయడానికి మా జిల్లాలో ఏరెక్కడుందో మాత్రం రాయలేదు.

ఒకరోజు మా ఆఫీసరు పిలిచాడు.

"ముదిగుబ్బ అవతలి పల్లెలో బాయి ఎండిపోయిందంట. నీళ్ళ లారీ కావాలంటాండారు. ఉండేది ఒకే లారీ, అడిగే ఊళ్ళు బోలెడు. పోయి బాయిని, జనాన్ని ఫోటో తీసుకోని రా. చూసి పంపిస్తాం."

"పెట్టె కూడా తీసుకుపోతాను సార్."

"పెట్టె ఎందుకప్పా?"

"జాగ్రత్తకు సార్."

జాగ్రత్త అనే మాట వింటే ఏ ఆఫీసరూ కాదనడు. ఆ కాగితం చూసి జాబితా రాసుకున్నాను. రబ్బరు మీద ఇసుక రేణువు, వెంట్రుక లేకుండా తుడవడం. పలచగా జిడ్డు రాయడం. ఫోటో తీసే చోటనే ఖాళీ పెట్టెను మూసి నీళ్ళలో ముంచి, బుడగలు వస్తున్నాయేమో చూడడం. లోపలి గుడ్డను ఆరబెట్టడం. గుళికల సంచి పెట్టడం. ఈ చివరిది చదివి నాలో నేనే నవ్వుకున్నాను. అనంతపురం గాలిలో చెమ్మ ఎక్కడిది? సంచిని ఆఫీసు బల్ల మీదే వదిలేశాను. నా జీవితంలో జాబితాను ధిక్కరించడం అదే మొదలు. విధి దానికోసమే కాచుకుని ఉంది.

పల్లె చేరేసరికి ఎండ నెత్తిమీద ఉంది. బావి అడుగున తాంబాళమంత బురద. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నారు పెద్దలు. అక్కడ అడుసు తొక్కినా కాలు కడిగే దారి లేదు. నా చుట్టూ జనం చేరారు. అందరి కన్నా ముందు ఓబులమ్మ. ఒంటరి మనిషి, ఆమెకు ఉన్న ఆస్తి ఒక ఎనుము, మీ మాటలో గేదె. పక్కన ఆమె ఇరుగింటి తిప్పన్న. తుమ్మముల్లుకు నోరుంటే అతనిలాగే మాట్లాడుతుంది.

"అమ్మా, ఒక కడవెడు నీళ్ళు కావాల" అన్నాను.

"దప్పికయితాందా నాయనా?" అంది ఓబులమ్మ.

"నాకు కాదమ్మా. పెట్టెకు."

"పెట్టె నీళ్ళు తాగుతాదా?"

"తాగదని రుజువు చేయాల."

తిప్పన్న తలపాగా సర్దుకున్నాడు. "తాగని దానికి నీళ్ళెందుకప్పా? తాగే మాకే లేకపాయ."

"అన్నా, ఇది శాస్త్రం. నీళ్ళలో ముంచినప్పుడు బుడగలు రాకుంటే, ఎంత వాన పడినా కెమెరా తడవదు."

వాన అన్న మాటకు అందరూ తలలెత్తి పైకి చూశారు. ఆకాశం తోమి బోర్లించిన ఇత్తడి పళ్ళెంలాగా ఉంది.

"వాన పడితే నువ్వు ఈడికి యాల వస్తావప్పా?" అన్నాడు తిప్పన్న.

మంచి ప్రశ్న. నా జాబితాలో దానికి జవాబు లేదు. అందుకని ఉరిమి చూశాను.

"ఊరుకో తిప్పన్నా" అంది ఓబులమ్మ. "ఆ యప్ప పెట్టె ముంచితేనే ఫోటో, ఫోటో తీస్తేనే లారీ అంటాండాడు. కానీలే."

నేను అలా అనలేదు. అయినా కాదనలేదు. ఆమె తెల్లారకముందే లేచి, గుట్ట అవతల ఇసుకలో తవ్విన చెలమలో చిప్పతో తోడి తెచ్చుకున్న కడవ తెచ్చింది. పెట్టె కడవ మూతిలో పట్టలేదు. దాంతో ఆ నీళ్ళను ఎనుము రాతితొట్టిలో పోయించాను. నీళ్ళ వాసనకు ఎనుము తాడు తెంపుకునేంత పని చేస్తే ఇద్దరు పట్టుకున్నారు. కెమెరా తీసి పక్కన పెట్టి, ఖాళీ పెట్టెను రెండు చేతులా తొట్టిలో నొక్కి ఊపిరి బిగబట్టాను. ఊరు కూడా బిగబట్టింది.

ఒక్క బుడగ రాలేదు!

"చూశారా!" అని అరిచాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నీళ్ళ మీద రబ్బరు జిడ్డు రంగురంగులుగా తేలింది. ఇక అవి మనుషులకు పనికిరావు. తాడు వదిలితే ఎనుము ఒక్క గుక్కలో తొట్టి ఖాళీ చేసి, అడుగు కూడా నాకింది.

"పోన్లే, దాని కడుపన్నా నిండె" అంది ఓబులమ్మ, ఖాళీ కడవ చంకనెత్తుకుని.

మూత తెరిచినప్పుడు అంచు గాడిలో నిలిచిన నీళ్ళు లోపలి ఉన్ని గుడ్డ మీదికి జారాయి. నాలుగు చుక్కలే కదా అనుకున్నాను. అక్కర లేని పరీక్షకు కడవెడు నీళ్ళు పోయించిన నేను, అక్కర ఉన్న గుడ్డకు కాస్త ఎండ చూపించలేదు. ఏమండీ, మా జిల్లాలో ఎండకు కరువా?

ఫోటోలు తీశాను. బావి, ఖాళీ కడవల వరుస, గట్టు మీద ఓబులమ్మ. ఎవరూ నవ్వవద్దని చెప్పాను. చెప్పే అవసరం లేకపోయింది. కెమెరాను పెట్టెలో పెట్టి కొక్కేలు బిగించాను, చీమ కాదు కదా చీమ ఊపిరి కూడా చొరకుండా. పెట్టె బస్సు టాపు మీద ఎండలో అనంతపురం దాకా ప్రయాణం చేసింది. లోపల నా ఫిల్ము కుడుములాగా ఉడికింది.

స్టూడియో ఆయన కడిగిన ఫోటోలను వెలుగులో పట్టుకుని, "ఏం సార్, మీరు పోయిన తావున వాన బాగా పడిందే!" అన్నాడు. చెమ్మకు ఫిల్ము పొర ఉబ్బి, చుట్టలో ఒకదానికొకటి అంటుకుని, ఆకాశం నిండా బొబ్బలు బొబ్బలుగా మబ్బులు వచ్చాయి. బావి మీద ఏటవాలుగా చారలు. ఓబులమ్మ జడివానలో నిలబడినట్టుంది.

ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇదేమప్పా? కుండపోతగా కురుస్తాంటే లారీ దేనికి?"

"అది మబ్బు కాదు సార్, ఫిల్ము మీది చెమ్మ."

"చెమ్మ ఉండాదని నువ్వే ఒప్పుకుంటాండావు."

"చెమ్మ ఊర్లో కాదు సార్, పెట్టెలో."

"నీళ్ళు చొరని పెట్టె గదా?"

"చొరదు సార్. బయటికి కూడా పోదు."

ఆయన ఫోటోలను పక్కకు నెట్టాడు. "మళ్ళా తీసుకోని రాపో. అంతదంక లారీ ఇంకో ఊరికి పోతాది."

మళ్ళీ వెళ్ళాను, పెట్టె లేకుండా, కెమెరాను తువ్వాలులో చుట్టుకుని. ఎందుకు మళ్ళీ వచ్చానో ఊరికి చెప్పుకుని తీశాను, కడిగించాను, చూపించాను. ఆ ఊరికి వెళ్ళిన లారీ తిరిగి వచ్చేదాకా మేమందరం కాచుకున్నాం. చివరికి లారీ కదిలితే, దాని ముందు సీట్లో కూర్చుని పల్లెకు నేనే దారి చూపించాను, పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన పురోహితుడిలాగా.

జనం కడవలతో మూగారు. ఓబులమ్మ తొట్టి పక్కన కూర్చుని ఉంది. తొట్టి ఎండి ఉంది. గుంజకు తాడు మాత్రం ఉంది.

"ఎనుము యాడమ్మా?" అన్నాను, తెలిసి తెలిసీ.

ఆమె గుంజ తాడును విప్పి చుట్ట చుట్టసాగింది. తిప్పన్నే పలికాడు. "యాడికి పోతాదప్పా? పోయిన తావుకే పోయింది. జిల్లా అంతట్లో వాన పడింది నీ పెట్టెలోనేనంట గదా. తెచ్చి ఉంటివా, ఈడ కుమ్మరిస్తుంటిమి."

కొందరు నవ్వారు. నేనూ నవ్వబోయాను. అలవాటైన మూడో అంశం. పెదవి కదలలేదు.

ఓబులమ్మ కడవ పట్టుకుని లేచింది. "బాధపడద్దు నాయనా. సచ్చేముందు అది కడుపునిండా తాగింది నువ్వు పెట్టె ముంచిన ఆ నీళ్ళే."

ఓదార్పు మాటే అది. ఇన్నేళ్ళయినా నన్ను ఓదార్చలేదు.

కాబట్టి అనంతపురం ఎండ సాక్షిగా, చేతిలో జాబితా లేకుండా, ప్రమాణం చేస్తున్నాను. తాగే నోళ్ళు చుట్టూ నిలబడి ఉండగా, తాగని పెట్టెకు ఇకమీదట చుక్క నీరు అడగను. ఆ పెట్టె ఇప్పటికీ నా బల్ల కిందే ఉంది. మూత తెరిచే ఉంచుతాను, గుడ్డ ఎండలో వేస్తాను. ఈ జిల్లా మీదికి ఎప్పుడన్నా ఒక మబ్బు దారితప్పి వస్తే, దాన్ని పట్టుకుని కొక్కేలు బిగించినవాడు ఓవర్సీరేనని తిప్పన్న మళ్ళీ అనకూడదు కదా.