జైస్తంభం ఎవరు కట్టారు?

తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనుకునే వయసులో ఉన్నాను ఆ రోజుల్లో. ఛత్తీస్‌గఢ్ అప్పుడే కొత్త రాష్ట్రమైంది. రాయపూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగి, రైల్వేలోనే గుమాస్తాగా చేరిన నాకు ఊరంటే ఇల్లు, ఆఫీసు, మధ్యలో సమోసాల బండి. అలాంటి నాకు బొబ్బిలి నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి ఫొటో నా పర్సులో, రైల్వే పాసు వెనక చేరిపోయింది (అమ్మకు తెలియదనుకున్నాను). అమ్మాయి మేనమామ, రిటైరైన లెక్కల మాస్టారు, నన్ను చూడటానికి వస్తానన్నారు. ఆయన సరేనంటేనే పెళ్ళి. "మావాడికి రాయపూర్ గల్లీ గల్లీ తెలుసన్నయ్యగారూ, మొత్తం తిప్పి చూపిస్తాడు" అని అమ్మ ఫోన్లో కోతలు కోసేసింది.

మాస్టారు వచ్చిన రోజు, రిక్షా టౌన్ హాల్ ముందు ఆగగానే ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశారు. "ఇదెప్పటిది బాబూ?" అన్నారు. "బ్రిటిష్ వాళ్ళ కాలందండి" అన్నాను. నా అదృష్టం బాగుండి అది నిజమే. ఆయన రాసుకున్నారు, నాకు ధైర్యం వచ్చింది. ఆ తర్వాత మ్యూజియం, కాలేజీ, దారిలో కనబడిన నీళ్ళ ట్యాంకుతో సహా అన్నీ బ్రిటిష్ వాళ్ళ చేతే కట్టించాను. అదే ఊపులో జైస్తంభం కూడా వాళ్ళదే అన్నాను. రిక్షా అతను ఇక ఉండబట్టలేక, "నహీ బాబూజీ, ఏ తో ఆజాదీ కా హై" అన్నాడు, అది స్వతంత్రం వచ్చినందుకు గుర్తుగా కట్టిందని.

మాస్టారు స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూసి, "అయితే పాపం, ఆళ్ళు ఎలిపోతన్నందుకు ఆళ్ళే స్తంభం కట్టీసుకున్నారన్నమాట" అన్నారు. ఫొటో తిరిగిచ్చెయ్యాలి కాబోలని ఎంత దిగులేసిందో చెప్పలేను. "నాకు ఊరు తెలీదండి. అది చెబితే మీరు సంబంధం వద్దంటారేమోనని..." అని నసిగాను. ఆయన పుస్తకంలో ఏదో రాసి మూసేసి, "సర్లే, ముందు ఏటైనా తిందాం పద" అన్నారు.

పెళ్ళయిన ఏడాదికి మా ఆవిడ ఆ పుస్తకం నా ముందు పెట్టింది. టౌన్ హాల్ తర్వాత అందులో ఏ కట్టడం పేరూ లేదు. ఒక్క ముక్కే ఉంది: "కుర్రాడికి ఊరు తెలీదు. అబద్ధమాడ్డం అంతకన్నా తెలీదు. పిల్లనివ్వొచ్చు."

మాస్టారు ఇప్పుడు లేరు. బంధువులొస్తే ఊరంతా నేనే తిప్పుతాను, తెలియనిది తెలియదనే చెబుతాను. జైస్తంభం దగ్గరికి రాగానే మాత్రం మా ఆవిడ అందరి ముందూ, "ఇదెవరు కట్టారండీ?" అని అడుగుతుంది. "బ్రిటిష్ వాళ్ళే" అంటాను, ఆ కుర్రాడి పరువు పోకుండా.