పత్రిలోకి వావిలి కావాలట

గుడివాడలో మా వీధి చివర కాలవ గట్టున వావిలి పొద ఉండేది. అయిదు వేళ్ళలా విచ్చుకున్న ఆకు, నలిపితే ఘాటు వాసన. బాలింతల స్నానానికి మా అమ్మ ఆ ఆకే వేసి నీళ్ళు కాచేది. పోయిన నెల ఎదురింటి బాబాయిగారు దాన్ని పిచ్చిమొక్క అని కొట్టించి, అందంగా ఉంటుందని కోనోకార్పస్ అనే విదేశీ మొక్క నాటించారు.

రేపు వినాయక చవితి. ఇందాక ఆయనే మా గేటు దగ్గరికి వచ్చారు.

"బజార్లో కొన్న పత్రిలో వావిలి లేదమ్మా. ఇక్కడెక్కడైనా ఉందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు కొట్టించింది అదేనండీ" అన్నాను.

ఆయన గట్టు వైపు ఓసారి చూశారు. "పోనీలే, ఆ కోనోకార్పస్ ఆకులే నాలుగు పెట్టేస్తాను. అవీ పచ్చగానే ఉన్నాయిగా."

మీ వైపు వావిలి మిగిలి ఉంటే చెప్పండి, వచ్చి రెండు రెమ్మలు కోసుకుంటాను. ఏనుగు తల ఉన్న దేవుడికి ఏది ఏ ఆకో తెలియదనుకున్నారు కాబోలు ఈయన.