బాణాలమ్మ విప్పిన వరస

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. దాన్ని మొగుడు కూడా మరిచిపోయి ఉంటాడు. రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు చెకింగ్ బల్ల దగ్గర నిలబడింది. కుట్టి వచ్చిన చొక్కాను తిరగేసి, బోర్లేసి, కాలరు దగ్గర్నుంచి కింది మడత దాకా కళ్లతో గాలించి, తప్పున్న చోట ఎర్ర బాణం స్టిక్కరు అంటించడం ఆమె పని. కుట్టు జారితే బాణం. దారం వేలాడితే బాణం. గుండీ వెంట్రుకవాసి పక్కకు జరిగినా బాణమే. మిషన్ల మీద కూర్చున్న ఆడపిల్లలు "అదిగోనే, బాణాలమ్మ చూస్తోంది!" అని గుసగుసలాడేవాళ్లు. ఆ పేరు ఫ్యాక్టరీ గేటు దాటి వీధిలోకొచ్చింది. రిటైరైన రోజున మేనేజరుగారు కూడా పొరపాటున మైకులో అదే పేరు చదివేసి నాలుక కరుచుకున్నాడు.

లక్షల చొక్కాలు చూసిందా, ఒక్కటంటే ఒక్కటి తన చేత్తో కుట్టింది లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో పని ఉంది.

రిటైరయ్యాక బల్ల పోయింది కానీ బుద్ధి పోలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. జీతంతో వచ్చిన బుద్ధి దానికేం తీసిపోలేదు. సగం వాడిన బాణాల చుట్ట ఒకటి ఆమె సంచిలోనే ఉండిపోయింది. మొగుడిది క్షవరం షాపు. మధ్యాహ్నం పూట అక్కడికొచ్చి బెంచీ మీద కూర్చునేది. "ఏవండీ, ఆయన ఎడమ చెవి పక్కన రెండు వెంట్రుకలు ఎక్కువున్నాయి," అనేది. కుర్చీలోని పెద్దమనిషి ఉలిక్కిపడేవాడు. ఒకనాడు ఒకాయన వీపు వెనక, కాలరు మీద ఎర్ర బాణంతో వీధంతా తిరిగి, మర్నాడొచ్చి గొడవ పెట్టుకున్నాడు.

మంగలాయన పరుగున పక్క లాండ్రీకి వెళ్లాడు. "తల్లీ, నీకు పుణ్యముంటుంది! మీ మేడ మీద గురువారాలు ఏవో కుట్లూ అల్లికలూ చేసుకుంటారటగా. మా ఆవిణ్ణి కూడా పిలవండి. వారానికి ఒక్క పూటైనా నా కత్తెర ప్రశాంతంగా ఆడుతుంది."

లాండ్రీ అక్క నవ్వి, పిలిచింది.

మేడ మీద గది ఇరుకు. కింద నుంచి ఇస్త్రీ ఆవిరి వాసన, కిటికీలోంచి బస్సుల మోత. పాత తలుపును రెండు పెట్టెల మీద పరిచి బల్ల చేశారు. లాండ్రీ అక్క బట్టల మీద పువ్వులు కుట్టేది. రిటైరైన నర్సమ్మ ఊలుతో మేజోళ్లు అల్లుతూ లెక్క పైకే చదివేది. మాటల మధ్యలో "పదమూడు, పద్నాలుగు, అయితే ఆ కోడలేమందీ, పదిహేను" అని సాగిపోయేది. ఎవరికీ తొందర లేదు. ఎవరూ ఎవరి పనీ తిరగేసి చూడరు. మొదటి గురువారం బాణాలమ్మకు అదే వింతగా తోచింది. నర్సమ్మ అల్లిన మేజోడు ఒకటి జానెడు, రెండోది జానెడున్నర ఉంటే, "రెండు కాళ్లూ ఒకేసారి చలికి ముడుచుకోవు కదమ్మా," అని ఆవిడే పగలబడి నవ్వింది. బాణాలమ్మ చెయ్యి సంచిలోకి వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చింది.

వాళ్లంతా కలిసి చేసే పని ఒకటుంది. అడుగున దుప్పటి, నడుమ పాత కంబళి, పైన రంగురంగుల గుడ్డముక్కలు పెట్టి బొంత కుడుతున్నారు. వారానికొకరు వంతుగా ఇంటికి పట్టుకెళ్లి తమ వరస కుట్టి తేవాలి. ఈ జట్టులో పోస్టుమాన్ అన్నయ్య అని ఒకాయన కూడా ఉన్నాడని బాణాలమ్మ విన్నదే గానీ, ఆయన దగ్గుతో మూడు వారాలుగా రాకపోవడంతో చూడలేదు. ఆ మూడు వారాల్లో ఆమె స్కేలూ సుద్దముక్కా దగ్గర పెట్టుకుని సూది పట్టడం నేర్చింది. నాలుగో వారం బొంత వంతు ఆమెకొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం బొంతను మంచం మీద పరిచింది. ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చి, ఏడో వరస దగ్గర ఆగిపోయింది. ఖాకీ గుడ్డ మీద తెల్లటి లావు దారం. ఒక కుట్టు బెత్తెడు, పక్కది గోరంత. కాసేపు ఎగువకు, కాసేపు దిగువకు, తాగినవాడు ఇంటికి పోతున్నట్టు. 

"ఎవరు తల్లీ ఇది కుట్టింది? మిగతావన్నీ చక్కగా ఉంటే నడుమ ఇదేమిటి, పెళ్లిలో పెడబొబ్బలా!" అనుకుని కత్తెర తీసింది.

గంటలో వరసంతా విప్పేసింది. మరో రెండు గంటల్లో సన్నసూదితో, సుద్దగీత మీద చీమల బారులా తిన్నగా కుట్టేసింది. జన్మలో మొదటిసారి తన చేత్తో ఒక పని పూర్తి చేసింది. ఎంత మురిసిపోయిందంటే, షాపు మూసి వచ్చిన మొగుణ్ణి చెప్పులు విప్పనివ్వకుండానే మంచం దగ్గరికి లాక్కెళ్లి చూపించింది.

గురువారం పోస్టుమాన్ అన్నయ్య వచ్చాడు. చేతికర్ర టక్కుమనడం, ఒక మెట్టు, ఊపిరి, మళ్లీ టక్కు. డెబ్బై దాటిన మనిషి. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. లాండ్రీ అక్క కుర్చీ జరిపి, బొంత విప్పి ఆయన ముందు పరిచింది. ఆయన ఎడమచేత్తో ఖాకీ ముక్కను వెతుక్కుని, కుట్ల మీద వేళ్లు పోనిచ్చి, ఆగాడు.

"ఇది నాది కాదు," అన్నాడు.

నర్సమ్మ లెక్క ఇరవై ఒకటి దగ్గర నిలిచిపోయింది.

బాణాలమ్మకు ఇంకా అర్థం కాలేదు పాపం. మొహం వెలిగించుకుని, "నేనే సరిచేశానండీ అన్నయ్యా! ఎవరో చిన్నపిల్లలు కుట్టినట్టు అడ్డదిడ్డంగా ఉంటేనూ, మొత్తం విప్పేసి..." అంది.

ఆయన మరోసారి వరసను తడిమాడు. "బాగుంది తల్లీ. తిన్నగా ఉంది," అన్నాడు. జేబులోంచి దబ్బనం తీసి బల్ల మీద పెట్టాడు. టపా సంచులు చిరిగితే కుట్టుకునేందుకు ఉద్యోగంలో వాడిన లావుపాటి సూది అది. కర్ర అందుకుని మెట్లు దిగిపోయాడు.

అప్పుడు చెప్పింది లాండ్రీ అక్క. ఆ ఖాకీ ముక్క ఆయన ఆఖరి యూనిఫాం చొక్కాది. కిందటేడు పక్షవాతమొచ్చి కుడిపక్క పడిపోయింది. డాక్టరు ఎడమచెయ్యి తిప్పడం నేర్చుకోమంటే, బంతి నలపడం విసుగని, దబ్బనం పట్టుకుని ఈ మేడ ఎక్కాడు. ఇంటికి పట్టుకెళ్లకుండా గురువారాలు ఇక్కడే కూర్చుని కుట్టిన ఆ ఒక్క వరసకు పదకొండు వారాలు పట్టింది. మనవరాలికి నెలలు నిండుతున్నాయి. బొంత ఆ పుట్టబోయే బిడ్డకే. "తాత పనైపోయిందనుకున్నారు కదా, ఈ వరస చూపించండి" అని అందరితో చెప్పుకున్నాడు.

"అయ్యో, ఒక్క మాట నాతో చెప్పొచ్చుగా అక్కా!" అంది బాణాలమ్మ. 

"ఏమని చెప్పను వదినా? ఒకరి కుట్టు ఒకరం ముట్టుకోం. అది చెప్పాల్సిన మాటని మాకు తోచనే లేదు."

మర్నాడు ఆయన కోడలు లాండ్రీకి ఫోన్ చేసింది. మావయ్యగారు ఇక రానన్నారట. మిగిలిన ముక్కలు ఎవరితోనైనా కుట్టించెయ్యమన్నారట. నిన్నటి నుంచి ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం కూడా మానేశారు, నేనే తినిపిస్తున్నాను అంది. ఆ మాట లాండ్రీ అక్క నుంచి మంగలాయనకు, మంగలాయన నుంచి బాణాలమ్మకు చేరింది. ఇన్నేళ్లలో ఆమె బాణం పడి చొక్కాలు వెనక్కెళ్లాయి, ఒకరిద్దరు పిల్లలు ఏడ్చారు. మనిషి చెయ్యి పడిపోవడం ఇదే మొదలు. 

శనివారం పొద్దున్నే, మేడ మీద నుంచి దబ్బనంతో సహా తెచ్చుకున్న బొంతను కిటికీ దగ్గరికి లాగి, తను కుట్టిన చీమల బారంతా విప్పేసింది. సిగ్గుతో విప్పిందే గానీ, ఏం చేయాలో తెలిసి కాదు. విప్పాక ఎండ ఏటవాలుగా పడి, ఖాకీ గుడ్డ మీద ఆమెకు ఏదో కనిపించింది. చెకింగ్ భూతద్దం తెచ్చుకుని వంగింది.

కన్నాలు! ఖాకీ దళసరి గుడ్డ, దబ్బనం లావుపాటిది. అది దిగిన ప్రతి చోటా కన్నం అలాగే నోరు తెరుచుకుని ఉంది. తన సన్నసూది కన్నాలు వేరు, ఆయన దబ్బనం కన్నాలు వేరు. బెత్తెడు దూరంలో ఒకటి, గోరంత దూరంలో ఇంకొకటి, ఎగువకూ దిగువకూ, ఒక్కటి కూడా తప్పిపోలేదు. మరొకరి కంటికి అదంతా ఉత్త ఖాకీ గుడ్డ. ఆ కళ్లకు కాదు.

గబగబా లావు దారం ఎక్కించి, ఆ కన్నాల్లోంచే కుట్టుకుంటూ పోయింది. జానెడు కుట్టేసరికి మొగుడు గడ్డం సబ్బుతో వచ్చి తొంగిచూశాడు.

"ఓరి దీని దుంపతెగ, అచ్చం ఆయనదే! ఇంకేం, గండం గడిచింది. ఎవరూ కనిపెట్టలేరే!"

"నేను కనిపెడతాను," అంది బాణాలమ్మ.

ఆ జానెడూ మళ్లీ విప్పేసింది. బయట చినుకులు మొదలయ్యాయి. తడిస్తే గుడ్డ ముడుచుకుని కన్నాలు పూడుకుపోతాయి. మొగుడి షాపులో మెడకు చుట్టే ప్లాస్టిక్ గుడ్డల్లో బొంతను మూడు చుట్లు చుట్టి, తను తడుస్తూ, దాన్ని తడవనివ్వకుండా పోస్టుమాన్ ఇంటికి వెళ్లింది.

కోడలు తలుపు తీసింది. ముసలాయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "ఎందుకొచ్చావు తల్లీ. బాగానే ఉందన్నాను కదా," అన్నాడు, ఇటు తిరగకుండానే.

"క్షమించమని అడగడానికి రాలేదన్నయ్యా, ఏ మొహం పెట్టుకుని అడగను? మీ వస్తువు మీకిచ్చిపోదామని వచ్చాను." బొంత విప్పి ఆయన పక్కన పరిచింది. "దారం తీసిన పాపం నాది. కానీ మీ కన్నాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కావాలంటే తడిమి చూడండి."

 ఆయన ఎడమచెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది. చూపుడువేలు ఒక కన్నం మీద ఆగింది. తర్వాతి దాని మీదికి జరిగింది.

"ఇదిగో, ఇక్కడ వేలికి గుచ్చుకుంది," అన్నాడు గోడతోనే. కాసేపటికి, "ఇక్కడ నర్సమ్మ ఏదో జోకు వేసింది. నవ్వేసరికి చెయ్యి జారింది." లేచి కూర్చున్నాడు. కోడలు దిండు అందించింది. చివరిదాకా తడిమి, "ఇంత వంకరగా కుట్టానా నేను!" అన్నాడు.

 ఆ మాటకు జవాబు చెప్పకుండా ఉండటానికి బాణాలమ్మ ఎంత అవస్థ పడిందో ఆ పరమాత్ముడికే తెలియాలి.

"దబ్బనం తెచ్చావా?"

తెచ్చింది. "దారం నువ్వే ఎక్కించు. అదొక్కటీ నా వల్ల కాదు," అన్నాడు.

ఎక్కించింది. ఆయన మొదటి కన్నంలో దింపాడు, రెండో దాంట్లోంచి లాగాడు. ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, పొరపాటున సాయానికి పోతాయేమోనని. అయిదారు కుట్లు పాత దారిలోనే నడిచాయి. ఏడోది పాత కన్నం దూరంగా ఎగువన ఉంటే అక్కడికి పోకుండా, తిన్నగా వచ్చి పక్కన దిగింది. ఎనిమిదోదీ అంతే. పదకొండు వారాలు కుట్టిన చెయ్యి పని నేర్చేసింది మరి, వంకరగా వెళ్లమంటే ఎలా వెళుతుంది? ఆ సంగతి ఇద్దరూ ఒకేసారి కనిపెట్టారు.

"తప్పింది చూశావా? పాత కన్నం అటుంటే ఇటు కుట్టాను. ఏదీ నీ బాణం? అంటించు మరి," అన్నాడు ఆయన. మూతి ఒక పక్కకే నవ్వుతోంది.

బాణాలమ్మ సంచిలోంచి చుట్ట తీసింది. ఒక ఎర్ర బాణం ఊడదీసి, తన కుడిచేతి మణికట్టు మీద అంటించుకుంది.

"తప్పున్న చోటే అంటించాలన్నయ్యా. అది మా ఫ్యాక్టరీ రూలు."

ఆయన నవ్వాడు. కోడలు పక్కకు తిరిగి పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. బాణాలమ్మకు ఆ తుడుచుకోవడం కూడా చేతకాలేదు, చేతులు మళ్లీ తొడల కింద ఉన్నాయి కదా, కన్నీళ్లు వాటి దారిన అవి కారాయి.

ఇంటికి రాగానే మొగుడు మణికట్టు చూశాడు. "ఇదేమిటే, ఆఖరికి నీకు నువ్వే అంటించుకున్నావా? ఇంతకీ పాసా, ఫెయిలా?"

"గురువారం తెలుస్తుంది," అంది.

గురువారం మూడయింది. మూడుంబావయింది. లాండ్రీ అక్క కిటికీలోంచి నాలుగుసార్లు చూసింది. నర్సమ్మ పైకి లెక్కపెట్టడం మానేసి, వేసిన ముడులే మళ్లీ వేసింది. బాణాలమ్మ తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంది, చూసే ధైర్యం లేక. కింద టక్కుమంది. ఒక మెట్టు, ఊపిరి. మళ్లీ టక్కు.

బొంత ఆయన ఎడమ భుజం మీద ఉంది. బల్ల మీద పడేసి, "వారంలో కుట్టేశాను. పోయినసారి పదకొండు పట్టింది, ఎవరైనా లెక్క రాసుకున్నారా?" అన్నాడు. ఖాకీ మీద తెల్లదారం కొంత దూరం తూలుతూ వెళ్లి, ఆ పైన కుదురుగా సాగింది. దాని పక్కనే ఖాళీగా మిగిలిన పాత కన్నాలు కనిపిస్తున్నాయి. లాండ్రీ అక్క నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తే అవి పూడిపోతాయంది.

"ముట్టుకోకు," అన్నాడు పోస్టుమాన్. "ఎక్కణ్ణుంచి వచ్చానో పిల్లకి తెలియాలి." తర్వాత బొంతను బాణాలమ్మ వైపు తోశాడు. "ఎనిమిదో వరస నీది. సుద్దా స్కేలూ లేకుండా కుట్టు, చూద్దాం."

ఆమె సూది తీసింది. మొదటి కుట్టు వంకర పోయింది. విప్పబోయింది. ముగ్గురూ ఒక్కసారే "ఊఁ!" అన్నారు. చెయ్యి వెనక్కి తీసుకుని, నవ్వుతూ, రెండో కుట్టు వేసింది.