విశాఖలో తప్పిపోయిన మనిషి

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు తిరగకముందే ఇంటికి పెద్దదిక్కు నేనేనని నమ్మేశాను. ఆదిభట్ల దగ్గర ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని. మెడలో వేలాడే కార్డును ఇబ్రహీంపట్నంలో బస్సు దిగాక కూడా తీసేవాణ్ణి కాదు (నలుగురూ చూడాలి కదా). ఆ ఊపులోనే మా బాపును విశాఖపట్నం తీసుకెళ్లి సముద్రం చూపిస్తానని ప్రకటించాను. బాపు ట్రాక్టర్ మెకానిక్. ఇంజన్ల చప్పుడుకు ఎడమ చెవి మందగించింది తప్ప మనిషి గట్టివాడు. సముద్రం మాత్రం ఎన్నడూ చూడలేదు. నేనూ చూడలేదు గానీ, ఆ సంగతి నన్నెవరూ అడగలేదు.

బర్రెను విడిచి రాలేనని అమ్మ ఆగిపోయింది. బయలుదేరేముందు నన్ను పక్కకు పిలిచి ఒకటే మాట చెప్పింది. "మీ బాపుకు ఈత రాదు. చెప్తె ఇనే మనిషి గాదు. ఆయన్ను నీళ్లల్లకు పోనిచ్చినవనుకో, నువ్వు మల్ల ఇంటికి రాకు."

ఆ మాటతో రైలెక్కింది మొదలు నాకు గుండెదడ. శనివారం పొద్దున లాడ్జిలో దిగితే, తాళం ఇచ్చిన పెద్దమనిషి కూడా అలలు మంచివి కావని, మోకాలి లోతు నీళ్లలోంచే మనిషిని లాగేస్తాయని చాలా మామూలుగా చెప్పి లోపలికి పోయాడు. కొండమీద తీగలపై నడిచే పెట్టెలో కూర్చున్నప్పుడు నేను కళ్లు మూసుకుని కడ్డీ పట్టుకుంటే, బాపు తల బయటికి పెట్టి మోటారు ఎక్కడుందో వెతికాడు. ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామిలో ఆ ఇరుకు దారికి నాకు ఊపిరాడలేదు. బాపు మాత్రం ప్రతి గొట్టాన్నీ తట్టి చూసి, అది దేనికో వెనకవాళ్లకు వివరించాడు. మధ్యాహ్నం హోటల్లో ఆయన పీత డొప్పను బేరింగు విప్పినంత నేర్పుగా విప్పి తింటుంటే, చేప ముల్లు గొంతులో దిగుతుందన్న భయంతో నేను పప్పన్నం తిన్నాను. సముద్రం దాకా వచ్చి పప్పు తినుడేందని ఆయన నన్ను కాసేపు జాలిగా చూశాడు.

సాయంత్రం బీచ్‌కు పోయాం. బాపు చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, తడి ఇసుక అంచున నిలబడ్డాడు. నేను ఆయన మణికట్టు వదల్లేదు. చివరికి ఆయనే విసుక్కున్నాడు. "జర చెయ్యి ఇడువురా. నేనేమన్న చిన్నపిల్లగాన్నా." సరేనని వదిలి, ఇక్కడే ఉండు, మక్క కంకులు తెస్తానని చెప్పి బండి దగ్గరికి పోయాను. అక్కడ జనం ఎక్కువ. కంకులు కాలేసరికి చాలాసేపు పట్టింది. తిరిగి వచ్చి చూస్తే ఆయన చెప్పులు ఉన్నాయి, బాపు లేడు.

నేను చూస్తుండగానే ఒక అల వచ్చి ఒక చెప్పును కొంచెం పక్కకు జరిపి వెళ్లింది.

కంకులు ఎక్కడ పడేశానో తెలియదు. బాపు తన ఫోనును ఉప్పు గాలికి పాడవుతుందని లాడ్జిలోనే పెట్టి వచ్చాడు. నా ఫోను పొద్దుటినుంచి ఫొటోలు తీసీ తీసీ ఆరిపోయింది. బాపూ అని అరుచుకుంటూ బూట్లతోనే మోకాలి దాకా నీళ్లలోకి దిగాను. కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే లాడ్జి పెద్దమనిషి మాట గుర్తొచ్చింది. దూరంగా నీళ్లలో కనిపించిన ప్రతి తలా బాపుదే అనిపించింది. అమ్మకు ఏ ముఖంతో, ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలో కూడా ఆలోచించేశాను. ఎట్లా బయటికి వచ్చానో, రోడ్డు పక్కనున్న పోలీసు గుడారానికి పరుగెత్తాను.

కానిస్టేబుల్ నెమ్మదస్తుడు. కాగితం తీసి, మీ నాన్నగారు ఏ రంగు చొక్కా వేసుకున్నారని అడిగాడు. నాకు గుర్తు రాలేదు. తెల్లది అన్నాను. తర్వాత గీతలది అన్నాను. వయసు అడిగితే యాభై మూడో, యాభై ఆరో అన్నాను. ముఖం మీద గుర్తులేమైనా ఉన్నాయా అంటే, పొద్దుటినుంచి ఆయన పక్కనే తిరిగినవాణ్ణి, తెలియదన్నాను. కానిస్టేబుల్ కలం కింద పెట్టి నావంక చూశాడు.

"ఆయన మీ నాన్నగారేనా, బాబూ?"

అప్పుడే స్తంభానికి కట్టిన మైకు గరగరలాడింది. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన చిన్నోడు అనే అబ్బాయి తప్పిపోయాడు. నీలం గళ్ల చొక్కా, నల్ల ప్యాంటు. ఎడమ కనుబొమ్మ మీద రెండు కుట్ల గుర్తు. సన్నగా ఉంటాడు. మధ్యాహ్నం సరిగ్గా అన్నం తినలేదు. భయస్తుడు, కనిపిస్తే గట్టిగా మాట్లాడకుండా రెండో గుడారానికి తీసుకురాగలరు.

కానిస్టేబుల్ నా చొక్కా చూశాడు. కనుబొమ్మ చూశాడు. తర్వాత, నిజంగానే గొంతు బాగా తగ్గించి, "చిన్నోడంటే నువ్వేనా?" అన్నాడు. ఇరవైమూడేళ్లవాణ్ణి, చెయ్యి పట్టుకుని జనం మధ్యలోంచి నడిపించుకుపోయాడు. దారిలో ఒకావిడ, దొరికాడా పాపం అని ఆగి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి తన దారిన పోయింది.

బాపు ప్లాస్టిక్ కుర్చీలో ఉత్త కాళ్లతో కూర్చుని ఉన్నాడు. కంకులు తెస్తానన్న మాట నేను ఎడమ చెవి వైపు చెప్పానట, ఆయనకు వినపడలేదు. తిరిగి చూస్తే నేను లేనని వెతకబోయాడు. ఆయన ఒంటిమీద కాఫీ రంగు చొక్కా ఉంది. మొదటి జీతంతో నేను కొనిచ్చిందే అది. నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చూపు నా బూట్ల మీదికి పోయింది.

"నీళ్లల్లకు ఎందుకు దిగినవ్?"

"నిన్ను దేవులాడుకుంట దిగిన."

బాపు వంగి నా ప్యాంటు అంచు నీళ్లు పిండాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నీకు గూడ ఈత రాదు గదరా."

మర్నాడు ఆదివారమంతా బీచ్ రోడ్డు గోడమీద కూర్చునే సముద్రం చూశాం, ఒకరి మీద ఒకరం కన్నేసి. ఇంటికి రాగానే అమ్మతో బాపు, సముద్రం మస్తుగున్నది గానీ పిల్లగాడు తప్పిపోయి ఆగమైందని చెప్పాడు. అమ్మ నన్ను తిట్టింది. అది జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ చుట్టాలొస్తే బాపు ఆ కథ మొదలుపెడతాడు, చెప్పిన ప్రతిసారీ అందులో నా వయసు కొంత తగ్గుతుంది. మొన్న చెప్పినప్పుడు నాకు పదకొండేళ్లు. బట్టతల నిమురుకుంటూ పక్కనే కూర్చుని విన్నాను. సరిదిద్దబుద్ధి కాలేదు.